అడగండి మేడమ్‌ని: పెట్టె కదలకపోతే ఘర్షణ ఎంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ముందేసుకుని కూర్చుంటే సగానికి సగం ఫ్రిక్షన్ మీదే ఉన్నాయి. కాలేజీల్లో గమన నియమాల చాప్టర్ నడుస్తున్నట్టుంది. ఇల్లు మారుతున్న ఒకావిడ బాధ కూడా వచ్చింది, చూస్తే అదీ ఇదీ ఒకటే లెక్క, అందుకే ఈసారి పేజీలన్నీ ఘర్షణకే ఇచ్చేశా. కరెంటు బిల్లు మీద, ఇన్వర్టర్ మీద అడిగినవాళ్ళు జర ఓపిక పట్టండి, వచ్చే నెల చూద్దాం. జి (గురుత్వ త్వరణం) విలువ అన్నిచోట్లా 10 తీసుకున్నా, 9.8 కావాలనుకునేవాళ్ళు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మా మెటీరియల్‌లో ఒక లెక్కుంది. 20 కిలోల ట్రంకు పెట్టె నేల మీద ఉంది, స్థైతిక (కదలకముందు) ఘర్షణ గుణకం 0.5, గతిక (కదులుతున్నప్పుడు) ఘర్షణ గుణకం 0.4. తాడు కట్టి నేలకి 30 డిగ్రీల కోణంలో పైకి 60 న్యూటన్ల బలంతో లాగుతున్నారు. ఘర్షణ బలం ఎంత? నేను మ్యూ (ఆ గుణకం) ఇంటూ ఎం జి (పెట్టె బరువు) వేసి 100 అన్నాను. నా రూమ్మేట్ 85 అంటోంది. కీలో 52 ఉంది. కీ తప్పు ప్రింటయిందా మేడమ్? రాత్రంతా లొల్లి అయింది మా రూంలో.
(ఒక విద్యార్థిని, కూకట్‌పల్లి)

జవాబు: కీ కరెక్టేనమ్మా. మీ ఇద్దరిదే తప్పు, కానీ నీ రూమ్మేట్ తప్పు నీ తప్పు కన్నా కొంచెం నయం, ఎందుకో చెప్తా.

ముందు నీ 100 సంగతి చూద్దాం. పెట్టెని లాగేది 60 న్యూటన్లు, అదీ ఏటవాలుగా, అంటే నేల వెంబడి ముందుకి లాగేది 60 కాస్ 30, దాదాపు 52. నువ్వేమో ఘర్షణ వెనక్కి 100 అంటున్నావు. ముందుకి 52, వెనక్కి 100 అయితే పెట్టె ఏం చెయ్యాలి? తనంతట తనే వెనక్కి పరిగెత్తాలి. తాడు పట్టుకుని ఇటు లాగితే పెట్టె అటు పోవాలన్నమాట. నేనూ ఇంటర్లో ఇదే తప్పు చేశా, మా సార్ పేపరు మీద ఎర్ర ఇంకుతో సున్నా పెట్టకుండా "ఈ పెట్టెకి దయ్యం పట్టిందా?" అని రాశారు, క్లాసంతా నవ్వింది, అప్పట్నుంచి ఈ జన్మలో ఆ తప్పు మళ్ళీ చెయ్యలేదు.

అసలు తిరకాసు ఎక్కడంటే, మన బుర్రలో ఘర్షణ అంటే మ్యూ ఎన్ (ఎన్ అంటే నేల మోసే భారం) అని ఒక ఫార్ములా ముద్రపడిపోయింది. కదులుతున్న వస్తువుకి అది నిజమే. కదలని వస్తువుకి కాదు. పెళ్ళి భోజనాల్లో బకెట్ పట్టుకుని సాంబారు వడ్డించే అబ్బాయిని గుర్తు తెచ్చుకో. నువ్వు ఒక గరిటె చాలంటే ఒక గరిటె వేస్తాడు, మూడంటే మూడు, వద్దంటే పక్కకి వెళ్ళిపోతాడు. బకెట్లో ఉన్నదంతా నీ ఆకులో గుమ్మరించడు కదా. స్థైతిక ఘర్షణ అంతే, అడిగినంత ఇస్తుంది. మ్యూ ఎన్ అనేది బకెట్ సైజు, అంతకు మించి అడిగితే లేదంటుంది, అప్పుడు పెట్టె కదులుతుంది. నీ రూమ్మేట్ కనుక్కున్న 85 ఏంటో తెలుసా, కరెక్టుగా ఆ బకెట్ సైజు. లెక్క అడిగింది ఆకులో ఎంత పడిందని.

ఇప్పుడు ఆ 85 ఎలా వచ్చిందో చూడు, నీకు రానిది అదే. తాడు పైకి ఏటవాలుగా ఉంది కాబట్టి పెట్టెని ముందుకి లాగడంతో పాటు కొంచెం పైకి కూడా ఎత్తుతోంది, 60 సైన్ 30, అంటే 30 న్యూటన్లు. పెట్టె బరువు 200. అందులో 30 తాడు మోస్తోంది, మిగతా 170 నేల మోస్తోంది. నేల మోసేదే నార్మల్, అదే ఎన్. చూశావా, ఎన్ అంటే ఎం జి కాదు. ఎన్ ఎప్పుడూ రెడీమేడ్‌గా దొరకదు, నిలువుగా ఉన్న బలాలన్నీ కూడి తీసి దాన్ని కనుక్కోవాల్సిందే, లెక్కలో మొదటి పని అదే పెట్టుకో. 170లో సగం 85. మనం అడుగుతున్నది 52, బకెట్లో 85 ఉంది, చాలు, పెట్టె కదలదు, ఘర్షణ 52. 0.4 ఎందుకిచ్చారంటావా, ఊరికే నిన్ను పరేషాన్ చెయ్యడానికి. కదలని పెట్టెకి దాంతో పని లేదు.

ఇక్కడితో ఆపొద్దు, ఎగ్జామ్‌లో దీన్నే కొంచెం తిప్పి అడుగుతారు: ఎంత బలంతో లాగితే కదులుతుంది? చాలామంది 52కి 85కి మధ్య తేడా 33 కదా, ఇంకో 33 వేస్తే చాలు అనుకుంటారు. కాదు, ఎందుకంటే నువ్వు గట్టిగా లాగేకొద్దీ తాడు ఇంకా ఎత్తుతుంది, నేల మీద భారం తగ్గుతుంది, బకెట్టే చిన్నదైపోతుంది. రెండూ ఒకేసారి మారుతున్నాయి కాబట్టి బలాన్ని ఎఫ్ అనుకుని సమీకరణం రాయాల్సిందే. ఎఫ్ కాస్ 30 = 0.5 ఇంటూ (200 − ఎఫ్ సైన్ 30). ఎఫ్ ఉన్న పదాలు ఒకవైపుకి తెస్తే ఎఫ్ ఇంటూ (0.866 + 0.25) = 100, ఎఫ్ 89.6 న్యూటన్లు. సరిచూసుకో, ముందుకి 77.6, నేల మీద భారం 155.2, అందులో సగం 77.6. సరిపోయింది. ఈ సరిచూసుకోవడానికి పది సెకన్లు పట్టదు, కానీ ఎవ్వరూ చెయ్యరు.

ఇంకోటి, సైన్ ఎక్కడ కాస్ ఎక్కడ అని తారుమారు చేసేవాళ్ళు కోణం సున్నా అనుకుని చూడండి. తాడు నేలకి సమాంతరంగా ఉంటే ఎత్తడం అనేదే ఉండకూడదు, సైన్ సున్నా అంటే సున్నా, కాబట్టి ఎత్తేది సైన్. కోణాన్ని నిలువు గీత నుంచి ఇచ్చి మోసం చేసే లెక్కల్లో కూడా ఇదే పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్, మేము మల్కాజిగిరిలో ఒక అద్దింటి నుంచి పక్క వీధిలో ఇంకో ఇంటికి మారుతున్నాం. ఇనప బీరువా హాల్లోకి జరపాలి. మా ఆయన వంగి రెండు చేతులూ బీరువాకి ఆనించి పైనుంచి కిందికి బలంగా నెడుతున్నారు, కదలట్లేదు, చెప్పులు జారుతున్నాయి. మా అబ్బాయి ఇంజనీరింగ్ సెకండియర్, తాడు కట్టి ఏటవాలుగా లాగుదాం డాడీ అంటే "నీ చదువు నా దగ్గర చూపించకు" అని కోప్పడ్డారు. ఎవరిది కరెక్ట్?
(ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ఇంట్లో గొడవ పెట్టినట్టవుతుందేమో గానీ అబ్బాయిదే కరెక్ట్. అదీ మామూలుగా కాదు, అతనికి కూడా తెలియని ఇంకో కారణం వల్ల కూడా కరెక్ట్.

ఖాళీ బీరువా 80 కిలోలు, టైల్స్ మీద మ్యూ 0.4 అనుకుందాం. నేలకి సమాంతరంగా నెడితే 320 న్యూటన్లు కావాలి. 30 డిగ్రీలు పైకి లాగితే బీరువా భారంలో కొంత తాడు మోస్తుంది, అప్పుడు 300 చాలు. అదే 30 డిగ్రీలు కిందికి నొక్కుతూ నెడితే, సార్ చేస్తున్నది అదే, తన బలంలో సగం బీరువాని నేలకేసి అదమడానికే పోతుంది, అప్పుడు కావాల్సింది 480. ఇంకొంచెం నిటారుగా 60 డిగ్రీలతో నెడితే 2080, అంటే పహిల్వాన్ల వల్ల కూడా కాదు. 68 డిగ్రీలు దాటాక ఎంత బలం పెట్టినా కదలదు, కొండంత బలం పెట్టినా సరే, ఎందుకంటే మీరు ఒక న్యూటన్ ముందుకి తోస్తే అంతకన్నా ఎక్కువ ఘర్షణని మీరే పెంచుతున్నారు. నమ్మకం కుదరకపోతే ఇల్లు తుడిచే మాప్ కర్రని దాదాపు నిటారుగా పట్టుకుని బలంగా కిందికి నొక్కుతూ ముందుకి తోసి చూడండి, అక్కడే బిగుసుకుపోతుంది. కర్రని వాల్చి పట్టుకుంటేనే సాఫీగా పోతుంది, మన పనావిడలకి ఇది ఏ సమీకరణం లేకుండానే తెలుసు.

ఇక ఆ రెండో కారణం, చెప్పులు జారడం. సార్ బీరువాని కిందికి నొక్కుతుంటే బీరువా సార్‌ని పైకి నొక్కుతుంది, న్యూటన్ మూడో నియమం. ఆయన బరువు 70 కిలోలనుకుంటే, 480తో నెట్టేటప్పుడు ఆ 700 న్యూటన్లలో 240 తగ్గిపోయి ఆయన పాదాల కింద నేల మీద 460 న్యూటన్లే మిగులుతుంది. కానీ జారకుండా నిలబడాలంటే పాదాలకి 416 న్యూటన్ల ఘర్షణ కావాలి. అంటే చెప్పుకీ టైల్‌కీ మధ్య మ్యూ 0.9 ఉండాలి, హవాయి చెప్పులతో నున్నటి టైల్స్ మీద అది ఆశించలేం. అబ్బాయి పద్ధతిలో తాడు మనిషిని కిందికి లాగుతుంది, పాదాల కింద భారం 850కి పెరుగుతుంది, కావాల్సిన ఘర్షణ 260 మాత్రమే, మ్యూ 0.31 సరిపోతుంది. పైకి లాగడం వల్ల బీరువా తేలికవ్వడం ఒక లాభం, మనిషికి పట్టు పెరగడం ఇంకో లాభం. నాకైతే ఈ రెండోదే అసలు లాభం అనిపిస్తుంది, ఎందుకంటే మొదటిదాంట్లో 320 నుంచి 300కి తగ్గింది అంతే, అదేమంత గొప్ప కాదు.

అన్నిటికన్నా తక్కువ బలం ఏ కోణంలో కావాలని అబ్బాయి అడిగితే చెప్పండి, కోణం టాన్ విలువ మ్యూకి సమానం అయినప్పుడు. 0.4కి అది 22 డిగ్రీలు, బలం 297. 30 డిగ్రీలకి 300 కదా, తేడా మూడు న్యూటన్లే, కాబట్టి కోణమానిని పట్టుకుని కూర్చోవద్దు.

ఒక జాగ్రత్త. బీరువాని పైభాగంలో పట్టుకుని లోతు వైపు, అంటే తలుపులున్న వైపు నుంచి వెనక్కి, నెట్టకండి. లోతు 45 సెంటీమీటర్లుంటే, మ్యూ 0.4 అయితే, 56 సెంటీమీటర్ల ఎత్తుకి పైన ఎక్కడ నెట్టినా జారడానికి ముందే ఒరుగుతుంది. తాడు కూడా కింద కాళ్ళ దగ్గరే కట్టండి. నెట్టాల్సి వస్తే వెడల్పు వెంబడి, అంటే పక్క నుంచి, కింద భాగంలో నెట్టండి. ఇంక ఇదంతా చదివే ముందు చెప్పాల్సింది, లోపలి చీరలూ స్టీలు సామానూ ముందు తీసేయండి, కాళ్ళ కింద పాత దుప్పటి మడిచి దూర్చండి. ఎన్ తగ్గించడం, మ్యూ తగ్గించడం, రెండూ ఫ్రీ.

లాన్ రోలర్‌ని (పచ్చికని చదును చేసే బరువైన రోలర్‌ని) నెట్టడం కన్నా లాగడం ఎందుకు సులభం అని ఇంటర్ పుస్తకాల్లో తరతరాలుగా ఒక ప్రశ్న ఉంటుంది, పిల్లలు దాన్ని రెండు మార్కుల కోసం బట్టీ కొడతారు. లాన్ రోలర్‌ని జీవితంలో చూసినవాళ్ళు ఎందరు, బీరువా అందరింట్లో ఉంది కదా, బీరువా మీద ఎందుకడగరో నాకర్థం కాదు.

ప్రశ్న: మేడమ్, గోడకి ఆనించిన దిమ్మె లెక్కల్లో ఘర్షణ పైకా కిందికా అని ఎలా తెలుస్తుంది? 2 కిలోల దిమ్మె, మ్యూ 0.5, బలం నేలకి 37 డిగ్రీలు పైకి ఏటవాలుగా గోడ వైపు నొక్కుతోంది, 50 న్యూటన్లు. నేను బరువు కిందికి కాబట్టి ఘర్షణ పైకి అని రాశా, జవాబు మైనస్‌లో వచ్చింది, భయమేసి కొట్టేశా.
(లాంగ్‌టర్మ్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: కొట్టేయకుండా ఉండాల్సింది నాయనా, ఆ మైనసే నీకు జవాబు చెప్తోంది, "నువ్వనుకున్న దిక్కుకి ఉల్టా" అని. నాకు ఈ టైపు లెక్క చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో ఘర్షణ మనసు మార్చుకుంటుంది.

37 డిగ్రీలకి కాస్ 0.8, సైన్ 0.6 అని నీకు తెలుసు. 50 న్యూటన్లలో గోడ వైపు 40, పైకి 30. ఇక్కడ గోడ నిలువుగా ఉంది కాబట్టి నార్మల్ అడ్డంగా వస్తుంది, బరువుకి దానితో అసలు సంబంధమే లేదు, ఎన్ = 40, బకెట్ 20. పైకి 30, బరువు కిందికి 20, కాబట్టి దిమ్మె పైకి ఎక్కాలని చూస్తోంది, ఘర్షణ 10 కిందికి. 20 కన్నా తక్కువే, సరిపోయింది.

ఇప్పుడు బలం 25 అనుకో. పైకి 15 మాత్రమే, దిమ్మె జారాలని చూస్తుంది, ఘర్షణ 5 పైకి. అదే దిమ్మె, అదే గోడ, దిక్కు మారిపోయింది. మధ్యలో ఎక్కడో ఘర్షణ సున్నా అవ్వాలి కదా, 0.6 ఎఫ్ = 20 అయినప్పుడు, అంటే 33.3 న్యూటన్లకి. బలం ఇంకా తగ్గిస్తూ పోతే 20 దగ్గర దిమ్మె కిందికి జారబోతుంది (పైకి 12, ఘర్షణ గరిష్ఠంగా 8, రెండూ కలిపి 20). పెంచుతూ పోతే 100 దగ్గర పైకి జారబోతుంది (పైకి 60, కిందికి బరువు 20, ఘర్షణ 40). 20కి 100కి మధ్య ఏం పెట్టినా దిమ్మె కదలదు. అందుకే "కదలకుండా ఉండాలంటే బలం ఎంత" అని అడిగితే కనిష్ఠమా గరిష్ఠమా చూసుకో, నీ పేపరు సెట్ చేసినాయన ఆ ఒక్క మాటలోనే మెలిక పెడతాడు.

దిక్కు తెలీకపోతే ఏం చెయ్యాలంటే, ఘర్షణ లేదనుకో ఒక్క నిమిషం. నున్నగా నూనె రాసిన గోడ అనుకో. దిమ్మె ఎటు పోతుంది? దానికి ఎదురుగా ఘర్షణ. అంతే. ఇంకో మాట, ఈఏపీసెట్‌లో ఫిజిక్స్ 40 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, కాబట్టి భయమేసి వదిలేయడం అనే అలవాటు అక్కడ శుద్ధ దండగ. జేఈఈలో మాత్రం ఉంటాయి, అక్కడ ఆలోచించుకో.

ప్రశ్న: మెట్రోలో బ్యాగు కింద పెడితే రైలు స్పీడు పెరిగేటప్పుడు బ్యాగు వెనక్కి జారట్లేదు, ఘర్షణ కదలికని వ్యతిరేకిస్తుంది కదా, మరి బ్యాగుని ముందుకి నడిపిస్తోంది ఎవరు?
(ఉప్పల్ నుంచి రోజూ హైటెక్ సిటీ వెళ్ళే ఉద్యోగి)

జవాబు: ఘర్షణే నడిపిస్తోంది. అది వ్యతిరేకించేది కదలికని కాదండీ, బ్యాగు రైలు ఫ్లోర్ మీద జారడాన్ని. రైలు వేగం ప్రతి సెకనుకీ, సెకనుకి ఒక మీటరు చొప్పున పెరుగుతోందనుకోండి, మీ బ్యాగు 5 కిలోలు, అప్పుడు ఘర్షణ 5 న్యూటన్లు ముందుకి. మ్యూ 0.3 అయితే గరిష్ఠం 15, దాని జోలికి కూడా పోలేదు. మనం నడిచేటప్పుడు కూడా మనల్ని ముందుకి తోసేది నేల ఘర్షణే, వర్షంలో నున్నటి టైల్స్ మీద నడవలేకపోవడం చూడట్లేదా.

ప్రశ్న: మ్యూ ఎన్ అని ఎవరు కనిపెట్టారు? దిమ్మెని పడుకోబెట్టినా నిలబెట్టినా ఘర్షణ ఒకటే అంటారు, ఎక్కువ చోటు తగిలితే ఎక్కువ పట్టు ఉండాలి కదా?
(తొమ్మిదో తరగతి విద్యార్థి తండ్రి, సికింద్రాబాద్)

జవాబు: లియోనార్డో డావిన్సీ, అదే బొమ్మలేసిన ఆయన, 1490ల్లోనే తన నోటు పుస్తకాల్లో దిమ్మెల బొమ్మలు గీసి ఈ రెండూ రాసుకున్నాడు: ఘర్షణ భారాన్ని బట్టి పెరుగుతుంది, తగిలే వైశాల్యాన్ని బట్టి మారదు. కానీ అచ్చు వెయ్యలేదు. దాంతో ఫ్రాన్స్‌లో అమోంటన్స్ 1699లో మళ్ళీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చింది, పేరు ఆయనకే పోయింది. నోటు పుస్తకం దాచుకుంటే ఇంతే. లియోనార్డో ఘర్షణ బరువులో నాలుగో వంతు అనుకున్నాడు, ఇప్పుడు మనకి ఉపరితలాన్ని బట్టి మారుతుందని తెలుసు. తర్వాత 1785లో కూలుమ్, మనకి ఎలక్ట్రిసిటీ చాప్టర్లో వచ్చే ఆయనే, చాలా ప్రయోగాలు చేసి ప్రచురించాడు. ఆయన గమనించిన ఒక విషయం నాకు భలే నచ్చుతుంది, వస్తువు ఎక్కువసేపు ఒకేచోట ఉండిపోతే మొదట కదిలించడానికి కావాల్సిన బలం పెరుగుతుంది. పైన మల్కాజిగిరి అమ్మ బీరువా ఏళ్ళ తరబడి అక్కడే ఉందేమో మరి.

వైశాల్యం సంగతి. కంటికి నున్నగా కనిపించినా దగ్గర్నుంచి చూస్తే ఏ ఉపరితలమైనా గుట్టలూ గుంతలే, రెండు ఉపరితలాలు నిజంగా ఒకదాన్నొకటి తాకేది కొన్ని గుట్టల కొసల దగ్గరే. దిమ్మెని పడుకోబెడితే ఎక్కువ కొసలు, ఒక్కోదాని మీద తక్కువ భారం, నిలబెడితే తక్కువ కొసలు, ఒక్కోటీ ఎక్కువ నలుగుతుంది, మొత్తం తగిలే చోటు మాత్రం భారాన్ని బట్టే ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, టేబర్ అనే ఇద్దరు గత శతాబ్దం మధ్యలో దీన్ని ఈ రకంగా వివరించారు. రబ్బరు లాంటి మెత్తటివాటికి ఈ నియమం అంత కచ్చితంగా కుదరదు, అందుకే బండి టైర్ల దగ్గర ఇది గుడ్డిగా వాడొద్దు.

ప్రశ్న: ఖాజాగూడ గుట్టల దగ్గర అంతంత బండలు వాలు మీద ఎలా ఆగుతాయి మేడమ్? అంత బరువుకి జారిపోవాలి కదా?
(పేరు రాయలేదు)

జవాబు: బరువుకి సంబంధం లేదు. వాలు మీద జారించేది ఎం జి సైన్ తీటా (తీటా అంటే వాలు కోణం), పట్టుకునేది గరిష్ఠంగా మ్యూ ఎం జి కాస్ తీటా, రెండు వైపులా ఎం ఉంది, కొట్టేస్తే పోతుంది. వాలు టాన్ విలువ మ్యూ కన్నా తక్కువ ఉంటే గులకరాయి అయినా ఏనుగంత బండ అయినా ఆగుతుంది. రాయి మీద రాయికి మ్యూ 0.6 అనుకున్నా 31 డిగ్రీల దాకా నిశ్చింత. పైగా మన హైదరాబాద్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది, ఆ బండల్ని ఎవరో తెచ్చి పెట్టలేదు, పెద్ద రాయి పగుళ్ళ వెంబడి అరిగి అరిగి అక్కడికక్కడే గుండ్రంగా మిగిలాయి. ఆగలేనివి ఎప్పుడో దొర్లిపోయాయి, మనం చూసేవి ఆగగలిగినవి. అయితే వాటి కింద మట్టి తవ్వితే నా లెక్క నాకే పనికిరాదు, దయచేసి తవ్వకండి.

ప్రశ్న: మేడమ్, మీరు జూన్‌లో చెప్పినట్టు ఇంట్లోనే మ్యూ కొలిచా. ఎగ్జామ్ ప్యాడ్ మీద పది రూపాయల బిళ్ళ పెట్టి ఒక చివర మెల్లగా ఎత్తా. ప్యాడ్ పొడవు 30 సెంటీమీటర్లు, చివర 9 సెంటీమీటర్లు లేచినప్పుడు బిళ్ళ జారింది. మ్యూ 9 బై 30, 0.3 వచ్చింది. కరెక్టేనా? ఒకోసారి 8కే జారుతోంది.
(టెన్త్ విద్యార్థి, రామంతాపూర్)

జవాబు: శభాష్, ఇన్ని ఉత్తరాల్లో చేత్తో చేసి చూసింది నువ్వొక్కడివే. చిన్న సవరణ. నువ్వు ఎత్తుని ప్యాడ్ పొడవుతో భాగించావు, అది సైన్. మనకి కావాల్సింది టాన్, ఎత్తుని నేల మీద అడుగు పొడవుతో భాగించాలి. పైథాగరస్ వేస్తే అడుగు 28.6 వస్తుంది, మ్యూ 0.31. కోణం చిన్నది కాబట్టి తేడా కొంచెమే వచ్చింది, గరుకు కాగితం మీద చేస్తే తేడా బాగా కనిపిస్తుంది, అప్పుడు మోసపోతావు.

8కే జారడం తప్పు కాదు, నీ చెయ్యి వణికుంటుంది లేదా బిళ్ళ మీద వేలి చెమట ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచి, ప్యాడ్ కింద ఒక్కొక్క పుస్తకం దూర్చుకుంటూ ఎత్తు, పదిసార్లు చేసి సగటు తియ్యి. ఆ తర్వాత ప్యాడ్‌ని ఒక ఎత్తులో ఆపి, బిళ్ళ జారకుండా ఉన్నప్పుడు వేలితో ప్యాడ్ అంచు మీద టకటకా కొట్టి చూడు, జారుతుంది, అలా మొదలయ్యాక ఆగకుండా కింది దాకా పోతుంది. మొదలవ్వడానికి కావాల్సిన మ్యూ వేరు, నడుస్తున్నప్పటి మ్యూ వేరు అని నీ కళ్ళతో నువ్వే చూసినట్టు. ఇంకో బిళ్ళ దాని మీద టేపుతో అతికించి బరువు రెట్టింపు చేసి మళ్ళీ ఎత్తు. పైన ఖాజాగూడ ఆయనకి నేనిచ్చిన జవాబు నిజమో కాదో నువ్వే చెప్పాలి, ఎంతొచ్చిందో రాసి పంపు, వచ్చే నెల వేస్తా.